ఏ తల్లి పోసింది?

ఆదివారాలు నేను తెల్లాపూర్‌లో ఒక పెద్ద అపార్టుమెంట్ల సముదాయానికి వెళ్ళి పిల్లలకు టీకాలు వేస్తుంటాను. మొన్న అక్కడ ఒకావిడ పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సంచిలోంచి చిన్న డబ్బా తీసి, వేయించిన సోంపు నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. ఆ వాసన నా దాకా వచ్చింది. చేతిలో దూది, పక్కన చల్లటి మందుల పెట్టె, ఎదురుగా కాలు గుంజుకుంటున్న పిల్లవాడు, అన్నీ కాసేపు ఎటో జరిగిపోయాయి. నేను పటాన్‌చెరులో ఉన్నాను. మధ్యాహ్నం సాయంత్రంలోకి ఒరుగుతోంది. ఆకుపచ్చ తెర వెనక నుంచి చెరువు అడుగున ఉన్నట్టుండే వెలుతురు వస్తోంది. ఎవరో వెనక నిలబడి సోంపు నములుతున్నారు. ఇంతలో ఆ తల్లి అడిగింది. "సిస్టర్, క్లాసులో పిల్లలందరికీ అదే వైరస్ కదా! అందరూ నాలుగు రోజులకే లేచి ఆడుకున్నారు. మావాడొక్కడే ఆస్పత్రిలో పడ్డాడు. మావాడిలో ఏమిటి లోపం?" "లోపం ఏమీ లేదమ్మా. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి, ఒంటికో తబియత్" అంది నా నోరు దానంతట అదే. ఆవిడ నావైపు వింతగా చూసింది. ఆ మాట నాది కాదు. నుస్రత్ మేడంది.

నుస్రత్ మేడం పటాన్‌చెరులో కార్మికుల దవాఖానకు పెద్ద డాక్టరు. నర్సు చదువు అయ్యాక నేను మొదట చేరింది ఆమె దగ్గరే. పొట్టి మనిషి. అద్దాలు ముక్కు చివరకు జారి ఉండేవి. తెల్లకోటు జేబులో సోంపు పోసుకునేది, డబ్బా లేదు, పొట్లం లేదు, నేరుగా జేబులోనే! స్టెతస్కోపు తీసినప్పుడల్లా రోగి ఛాతీ మీద నాలుగు గింజలు రాలేవి. "ఇదేంది డాక్టరమ్మా?" అని వాళ్ళు అడిగితే, "ఫీజు వాపస్ ఇస్తున్న, తిను" అనేది. సంగారెడ్డి పాత బస్టాండు వెనక పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఆమె తెలుగు మా తెలుగే, కాకపోతే మధ్యలో ఉర్దూ మాటలు పోపులో ఆవాల్లా చిటపటలాడేవి. కోపం మాత్రం ముక్కు మీదే. నాకూ అంతే. మొదటి వారంలోనే ఇద్దరం రెండుసార్లు కొట్లాడుకున్నాం. మూడోసారి ఆమె నాకు టీ పోసి ఇచ్చింది.

ఆ దవాఖాన మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు కలలోకి వస్తాయి. షిఫ్టు సైరను మోగాక కాసేపు సందడి, తర్వాత అంతా మగతగా అయిపోయేది. బల్లల మీద మనుషులు కూర్చునే నిద్రపోయేవారు. గాలి ఎటు తిరిగితే అటువైపు ఫ్యాక్టరీ వాసన వచ్చేది. ఒకరోజు కుళ్ళిన గోబీ, ఒకరోజు గోళ్ళ రంగు, ఒకరోజు ఏమీ ఉండేది కాదు. ఏమీ లేని రోజే మేడం కిటికీ దగ్గరకు వెళ్ళి అనుమానంగా వాసన పీల్చేది. ఫ్యాను తిరుగుతూ ఉండేది. ఆమె ఎవరితో చెబుతున్నట్టూ కాకుండా, బయట పొగమంచులాంటి దుమ్మును చూస్తూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. నా చదువు సగం ఆ నిద్రమత్తులో విన్నదే.

ఒకరోజు మా వైపు మనిషే ఒకాయన జ్వరంతో వచ్చాడు. నేను పుస్తకంలో నేర్పినట్టే అడిగాను, ఇంతకు ముందు ఏమైనా జబ్బులు చేశాయా అని. "ఏం లేవమ్మా. రాయి లెక్కున్న" అన్నాడు. వెనక నుంచి మేడం, "తల్లి పోసిందా?" అంది. "పోసింది డాక్టరమ్మా. బడికి పోయేటప్పుడు. ఒళ్ళంత పోసింది" అన్నాడు వెంటనే, మొహం విప్పారించి. నాకు ఒళ్ళు మండింది. "మరి నేనడిగితే ఏం లేవన్నావు కదయ్యా!" అన్నాను. ఆయనకు నాకంటే ఎక్కువ మండింది. "నువ్వు రోగాలడిగినవ్. తల్లిని రోగమంటరా? నీకు నోరెట్లొస్తుందమ్మా?" అన్నాడు. మేడం నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. ఆయన వెళ్ళాక కళ్ళు తుడుచుకుంటూ, "రోగం పేరు మనం పెట్టుకున్నం స్వరూపా. వాళ్ళింట్ల దాన్ని ఏమని పిలుస్తరో గట్ల పిలిస్తేనే బయటికొస్తది" అంది.

నేను ఆ ఇళ్ళలోనే పుట్టినదాన్ని, నాకు తెలియని మాట కాదు. ఒంటి మీద పొక్కులు లేస్తే మా దగ్గర తల్లి పోసిందంటాం. గుమ్మానికి వేపమండలు కడతాం, ఇంట్లో తాలింపు పెట్టం, పోచమ్మకు సాక నీళ్ళు పోసి చల్లబడమని మొక్కుతాం. వచ్చినావిడ ఇంటి మనిషి, ఆమెకు కోపం రాకుండా సాగనంపాలి. చదువుకున్నాక ఆ మాటను తెల్లకోటు వెనక దాచేశానంతే. అసలు ఆ మాట నాకు అందరికంటే ఎక్కువ ఇష్టం కూడా. ఎందుకంటే నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ కామెర్లతో పోయింది. మొహం గుర్తులేదు, ఫొటో లేదు. నన్ను పెంచిన నాయినమ్మ అమ్మ గురించి చెప్పే కథ ఒక్కటే. "నీకు తల్లి పోసినప్పుడు మీ అమ్మ నిన్ను ఒళ్ళకెల్లి కిందికి దించలేదే బిడ్డా. వేపమండ పట్టుకొని ఇసురుకుంటనే కూసున్నది." ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర మా ఊళ్ళో, ఆరుబయట మంచం మీద, ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నానో లెక్కలేదు. నాకున్న అమ్మ మొత్తం ఆ కథలోనే ఉంది.

నాకు పెళ్ళయ్యాక మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి మూడో నెల నడుస్తున్నప్పుడు, చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో, బొంతపల్లి దగ్గర రేకుల గదిలో ఉండే ఒరిస్సా కుర్రాళ్ళకు అమ్మవారు మొదలైంది. ఒకే గదిలో ఎనిమిది మంది. ముందు బిపిన్ అనే అతనికి వచ్చింది. సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ, గాలి వీస్తే పడిపోయేలా ఉంటాడు. అతనికి పట్టుమని పది పొక్కులు రాలేదు, అవీ ఎండిపోయాయి. తర్వాత అతని తమ్ముడు నబీన్‌కు వచ్చింది. వాడు డ్రమ్ములు భుజాన మోసేవాడు, దున్నలాంటి మనిషి. వాడికి అరికాళ్ళ నుంచి నాలుక దాకా సందు లేకుండా పోసింది. మా దగ్గరున్న చిన్న వార్డులో పడుకోబెట్టాం. ఇంతకు ముందు ఎవరికి వచ్చిందో వాళ్ళే లోపలికి వెళ్ళాలని మేడం అంది. అందరికంటే ముందు నేనే లేచాను.

"నాకు తల్లి పోసింది మేడం."

మేడం నా కడుపువైపు చూసింది. "పక్కానా?"

"పక్కా. మా నాయినమ్మ భవాని మాత మీద ఒట్టేసి చెప్తది."

"అయితే పో. ఒక్కసారి వచ్చిపోయినదాన్ని మళ్ళ గుమ్మం తొక్కనియ్యదు నీ ఒళ్ళు."

నేను వెళ్ళాను. నబీన్ ఒంటికి మందు రాశాను, మంచినీళ్ళు తాగించాను, పక్క మార్చాను. వాడికి ఊపిరి ఎగపోయడం మొదలైనప్పుడు మేడం ఇక ఆలస్యం చేయకుండా హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి పంపించింది. అంబులెన్స్ వెళ్ళిపోయాక బిపిన్ మెట్ల మీద కూర్చుని తలను గోడకేసి మెల్లగా కొట్టుకుంటున్నాడు. "ఏక్ హీ థాలీ మే ఖాతే థే మేడం. ఒక్క కంచంలో తిన్నాం. నా దగ్గర్నుంచే వాడికి అంటింది. నాకేం కాలేదు. వాడికెందుకు?" అని హిందీలో, తెలుగులో, తన భాషలో అదే మాట అడుగుతున్నాడు. మేడం వచ్చి అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, అలా కింద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"చూడు బేటా" అంది. "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటరు మా దగ్గర. గట్లనే ఒంటికో తబియత్. వైరస్ ఒక్కటే. అది పోయిన ఇండ్లు ఒక్కటి గావు. ఒక ఇంట్ల తలుపు తెరువరు. ఒక ఇంట్ల మెడవట్టి గెంటుతరు. ఇంకో ఇంట్ల ఎలుక మీది కోపంతోని ఇంటికే అగ్గి వెట్టుకుంటరు. నీ తమ్ముడు గట్టోడే. గానీ వాని ఒళ్ళు ఎందుకట్ల తిరగబడ్డదో నాకు తెల్వదు. డాక్టర్లందరిని అడిగినా సాఫ్‌గా చెప్పలేరు. ఒకటి మాత్రం విను. నువ్వు వానికి ఇచ్చింది వైరసే. దాన్ని వాని ఒళ్ళు ఏం చేసుకున్నదనేది నువ్విచ్చింది గాదు." ఆమె తెలుగు అతనికి ఎంత అర్థమైందో తెలియదు. ఆమె ఉర్దూలో మళ్ళీ చెప్పింది. అతను తల కొట్టుకోవడం ఆపాడు. నబీన్ బతికాడు, కానీ తిరిగి వచ్చేసరికి అన్న చొక్కా వాడికి సరిపోయేలా ఉన్నాడు.

నబీన్‌ను పంపిన రెండు రోజులకు అనుకుంటాను, మధ్యాహ్నం రోగులెవరూ లేరు. మేడం సాసరులో టీ పోసుకుని ఊదుతోంది. నా కడుపు మీద చేయి వేసి, "మీ అమ్మ ఉంటే ఇప్పుడు ఎంత లాడ్ చేస్తుండెనో" అంది. అంతే, నేను కరిగిపోయి నా కథ ఎత్తుకున్నాను. ఎవరికీ చెప్పని వివరాలు కూడా చెప్పాను. నాకు తల్లి పోసినప్పుడు కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవని, ఒకటే దగ్గని, వెలుతురు చూస్తే ఏడ్చేదాన్నని, అందుకని మా అమ్మ ఇంట్లో దీపం కూడా పెట్టలేదని, చీకట్లోనే నన్ను ఒళ్ళో వేసుకుని విసురుతూ కూర్చుందని. చెబుతుంటే నాకే ఆ చీకటి చల్లగా ఒంటికి తగులుతున్నట్టు అనిపించింది. చూస్తే మేడం చేతిలో సాసరు అలాగే గాల్లో ఉంది.

"దీపం పెట్టలేదా?"

"లేదు మేడం. కండ్లు గుంజుతయని."

ఆమె సాసరు కింద పెట్టింది. "ఏ తల్లి పోసింది స్వరూపా?"

నేను నవ్వాను. "తల్లంటే తల్లే గద మేడం. ఏ తల్లి ఏంది?"

"గాదు బేటీ. నీళ్ళ పొక్కులు గూడ తల్లే, తట్టు గూడ తల్లే. మీ ఊర్ల రెంటికి ఒక్కటే పేరు. వెలుగు చూస్తే కండ్లు గుంజేది, దగ్గేది, గది తట్టు. నబీన్‌కు వచ్చింది తట్టు గాదు." ఆమె అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "తట్టును చూసిన ఒళ్ళు దీన్ని గుర్తువట్టదు. గల్తీ నాది. నీది గాదు, మీ నాయినమ్మది గాదు. తల్లి పోసిందా అని అడగాలెనని అందరికి నేర్పిందాన్ని నేనే. ఏ తల్లి అని ఇంకో మాట అడగాలె, నేనే అడగలే."

నాకు భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. నాకున్న ఒకే ఒక్క అమ్మను, ఆ చీకటి గదిని, ఆ వేపమండ గాలిని ఈమె రోగ లక్షణాలుగా విడగొట్టి పారేసింది. "మా అమ్మ కథ మీకెందుకు చెప్పిన మేడం! ఉత్తగ ఉండకపోతిని" అని అరిచాను. మేడం తనే నా చేతికి రబ్బరు కట్టి, తనే రక్తం తీసింది. ఆ చేతులు కొద్దిగా వణకడం నేను చూశాను. రక్తాన్ని పట్నంలో ల్యాబుకు పంపింది. ఒకవేళ అందులో ఈ జబ్బును అడ్డుకునే కాపలా లేదని తేలితే వెంటనే ఇవ్వాల్సిన సూది కోసం ఎవరెవరికో ఫోన్లు చేసింది. మర్నాడు పొద్దున అందర్నీ పిలిచి, ఆయాల ముందు, కాంపౌండరు ముందు, "స్వరూపను నేనే లోపలికి పంపిన. సరిగ అడగక పంపిన. మీరు నా లెక్క జెయ్యకుండ్రి" అని చెప్పింది. ఒక పెద్ద డాక్టరు అలా నిలబడి చెప్పడం అంతకు ముందు నేను చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. అయినా నా కోపం ఆ రోజు తగ్గలేదు. దాచడం ఎందుకు?

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో సరిగా చెప్పలేను. అన్నీ నీళ్ళలోంచి చూసినట్టున్నాయి. నా భర్త ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. మాటలు తక్కువ. "ఏం గాదు" అనేవాడు, అని గ్లాసు అక్కడ పెట్టి ఇక్కడ వెతుక్కునేవాడు. పొక్కులు లేవాలంటే రెండు మూడు వారాలు పడుతుందని నాకు తెలుసు. అయినా ఒంటి మీద ఎక్కడ దురద పెట్టినా చేస్తున్న పని వదిలేసేదాన్ని. దోమ కుట్టిన మచ్చను కూడా అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరిగి చూసుకునేదాన్ని. పెద్దవాళ్ళకు, అందులోనూ కడుపుతో ఉన్నవాళ్ళకు వస్తే ఊపిరితిత్తుల మీద పడుతుందని, బిడ్డకూ చెరుపు జరగవచ్చని చదివినదాన్ని కదా, చదువు అంత శత్రువని అప్పుడే తెలిసింది. కళ్ళు మూస్తే ఒకటే కల. దీపం లేని ఇల్లు. ఎవరో వేపమండతో విసురుతున్నారు. మొహం కనిపించదు. "నువ్వు ఏ తల్లివి?" అని అడుగుతాను. ఆమె విసురుతూనే ఉంటుంది. మళ్ళీ అడుగుతాను. ఆకుల చప్పుడే జవాబు.

ఆగలేక ఊరికి వెళ్ళి నాయినమ్మను పట్టుకున్నాను. ఆమె అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. "నాయినమ్మా, నాకు తల్లి పోసింది ఎర్ర దద్దా, నీళ్ళ పొక్కా? జెర సక్కగ యాది జేస్కో" అన్నాను. నాయినమ్మ చేట ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఏందే పోరీ, తల్లిని ఇంటిపేరు, ఒంటిపేరు అడుగుతరా? అచ్చింది. సల్లవడ్డది. పోయింది. నువ్వు దీపం సూత్తె సాలు, గుక్కవట్టి ఏడుత్తుంటివి. మీ అమ్మ నిన్ను కిందికి దించలే" అని మళ్ళీ అదే కథ మొదలుపెట్టింది. నేను ఎన్నో ఏళ్ళు అడిగి అడిగి చెప్పించుకున్న కథను మొదటిసారి మధ్యలో ఆపమన్నాను. దీపం మాట వచ్చినప్పుడల్లా నా బిడ్డ మీద ఒక తలుపు మూసుకుంటున్నట్టు అనిపించింది.

రక్తం సంగతి తెలిసిన రోజు మేడం ఫోను చేయలేదు. ఆటో ఎక్కి మా కిరాయి ఇంటికి వచ్చింది. మా ఇల్లు రెండో అంతస్తులో. ఆమె ఆయాసం మెట్ల మీద ముందు వినిపించింది, తర్వాత ఆమె కనిపించింది. గుమ్మం పట్టుకుని, ఊపిరి అందక, "ఉన్నది!" అంది.

"ఏమున్నది మేడం?"

"కాపలా ఉన్నది నీ నెత్తుర్ల. మంచిగ ఉన్నది. నీళ్ళ పొక్కుల తల్లి గూడ నీకెప్పుడో పోసింది. ఇగ పరేషాన్ గాకు."

నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆమె నా పక్కన కూలబడింది. ఈసారి కూడా కిందనే. నా భర్త మంచినీళ్ళు తెచ్చి, ఎవరికి ఇవ్వాలో తెలియక తనే తాగేశాడు. కాస్త తేరుకున్నాక అడిగాను, అది ఎప్పుడు వచ్చిందో తెలుస్తుందా అని. "గది నెత్తురు చెప్పదు. వచ్చినోళ్ళ మొకం గుర్తువెట్టుకుంటది, తారీకు రాసుకోదు" అంది. తర్వాత, దవాఖాన కిటికీ దగ్గర చెప్పినట్టే, మా గుమ్మంలోంచి కనిపించే పొగగొట్టాలను చూస్తూ మెల్లగా చెప్పింది. "మీ నాయినమ్మలు అంటరు గద, పుట్టుకతోని వచ్చింది పుడకలతోని గాని పోదని. సగం నిజం. అమ్మనాయనలు ఇచ్చింది కొంత. ఇంకో సగం బతుకుతోని వస్తది. ఏ ఊరి నీళ్ళు తాగినవ్, ఏ జ్వరం పడ్డవ్, ఎన్నేండ్ల వయసుల పడ్డవ్, గప్పుడు కడుపు నిండ తిన్నవా లేదా, అన్ని ఒళ్ళు దాచుకుంటది. మనకు యాదికి లేకున్నా దానికి ఉంటది. గందుకే ఒక్క తల్లి కడుపుల పుట్టినోళ్ళకు గూడ ఒక్క తీరు ఉండదు." నాకు బిపిన్, నబీన్ గుర్తొచ్చారు. ఆమెకూ వాళ్ళే గుర్తొచ్చి ఉంటారు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నేను ఊరుకునే రకాన్ని కాదు. తల్లి రెండోసారి పోసిందట అని నాయినమ్మతో చెప్పాలని మళ్ళీ ఊరికి వెళ్ళాను. రెండుసార్లూ మా అమ్మ ఒళ్ళోనే ఉన్నానేమోనని, ఇంకో కథ దొరుకుతుందేమోనని ఆశ. నాయినమ్మ మొదట, "రెండుసార్లెక్కడిది?" అని కొట్టిపారేసింది. ఆ తర్వాత చేతిలో పని ఆగిపోయింది. వాకిలివైపు తిరిగింది. ఆమె కళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయాయి.

"మీ అమ్మ దినాలప్పుడు" అంది. "ఇంటి నిండ సుట్టాలు. ఏడ్సేటోళ్ళు ఏడ్సుడు, వండేటోళ్ళు వండుడు. నువ్వు కొట్టుగదిల వడ్ల బస్తాల పక్కపొంటి పండుకున్నవ్. ఒళ్ళు కాలుతుండె. పొట్ట మీద, ఈపు మీద ఆడోటి ఈడోటి నీళ్ళ బొగ్గలు. దోమలు కుట్టినయనుకున్న. నీకు బువ్వ ఎవలు వెట్టిండ్రో, ఎవలన్న వెట్టిండ్రో లేదో గూడ ఎరుక లేదు బిడ్డా. గది తల్లే అయ్యుంటది. అచ్చి దానంతటదే పోయింది. ఒక్క వేపమండ గూడ కట్టకపోతిమి. నీ దిక్కు సూసినోళ్ళు లేరు." అని చెంపలు వేసుకుని, పోచమ్మకు తప్పయిందని మొక్కింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు పోచమ్మ కోసం కాదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. సంగారెడ్డి దాటాక ఎండ పలచబడి, పొలాలూ షెడ్లూ ఒకదాని వెనక ఒకటి వెనక్కి కొట్టుకుపోతున్నాయి. నా కడుపులో బిడ్డకు ఏ భయమూ లేదు. సంతోషంగా ఉండాల్సింది పోయి నాకు అమ్మ మీద దిగులు కమ్ముకుంది. ఆమె చీకట్లో కూర్చుని, ఒళ్ళోంచి దించకుండా నన్ను గట్టెక్కించిన జ్వరం ఇప్పుడు నా బిడ్డకు అక్కరకు రాలేదు. అక్కరకు వచ్చింది ఎవరూ పేరు కూడా పెట్టని జ్వరం. ఈ సంగతి నేను మేడంకు చాలా నెలలు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలియక కాదు, అది విడగొట్టకుండా కొన్నాళ్ళు నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది.

తంగేడు పూసే కాలంలో నాకు ఆడపిల్ల పుట్టింది. మేడం చూడటానికి వచ్చింది. పిల్లను ఒళ్ళో వేసుకుని, అద్దాలు జార్చుకుని, దాని అరచేతులూ అరికాళ్ళూ పరీక్షగా చూసింది. పిల్ల ఆమె వేలు పట్టుకుని వదల్లేదు. గదిలో ఇంకెవరూ లేరు. అప్పుడు చెప్పాను, కొట్టుగది గురించి, వడ్ల బస్తాల గురించి. "అమ్మ పోయిన పది రోజులల్ల నన్ను చూసినోళ్ళే లేరట మేడం" అన్నాను. నవ్వుతూ చెప్పాలనుకున్నాను, నవ్వు రాలేదు.

ఆమె పిల్ల చుట్టూ బట్ట సర్దింది. "ఎవ్వరు చూడలే అనకు బేటీ" అంది. "నీ ఒళ్ళు చూసింది. నాలుగేండ్ల పిల్లవు, తిన్నవో లేదో తెల్వదు, ఒక్కదానివే పండుకొని, వచ్చినదాన్ని గుర్తువట్టినవ్, ఎల్లగొట్టినవ్, మళ్ళ రాకుండ కాపలా వెట్టినవ్. గా కాపలానే ఇయ్యాల బొడ్డుతాడుల నుంచి దీనికి పోయింది. దీని ఒళ్ళు సొంతంగ నేర్చుకునేదాక, కొన్ని నెలలు, దీన్ని కాసేది గదే."

మేడం మొన్నటి వానాకాలంలో సంగారెడ్డిలో తన ఇంట్లోనే పోయింది. పెద్ద వయసు, నిద్రలోనే. చివరిసారి చూసినప్పుడు ఆమెకు నా పేరు గుర్తు రాలేదు, కానీ నా నాడి పట్టుకుని, "మంచిగున్నవ్" అంది. ఆమె తన తప్పును నలుగురి ముందు చెప్పినప్పుడు వణకని గొంతూ, నా రక్తం తీసినప్పుడు వణికిన చేతులూ నాతోనే ఉన్నాయి. ఎవరైనా తమకు తల్లి పోసిందంటే చాలు, ఇప్పటికీ నేను ఆగి, ఏ తల్లి అని అడుగుతాను. వాళ్ళకు తెలియకపోతే, అప్పుడు మీ ఇంట్లో ఏం జరుగుతుండేదని అడుగుతాను.

చిన్నప్పటి నుంచి నేను అమ్మ ఒళ్ళోని పిల్లనే తలుచుకుంటూ పెరిగాను. ఆ కొట్టుగదిలోని పిల్ల ఒకతి ఉందని నాకు తెలియనే తెలియదు. ఇప్పుడు అప్పుడప్పుడు ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్తాను. వడ్ల వాసన, బయట ఏడుపులు, బస్తాల మధ్య ముడుచుకుని కాలిపోతున్న ఒళ్ళు. పక్కన కూర్చుని నుదుటి మీద చేయి వేస్తాను. నిన్నెవరూ చూడలేదు కానీ, ఓ పిచ్చి పిల్లా, నా బిడ్డను కాచింది నువ్వే అని చెబుతాను.